ఎదెల్మీరా గుడారానికి పైకప్పు

లా పాస్ పట్నానికి పైన కొండ మీదున్న ఎల్ ఆల్తోలో ఆకుకూర పండుతుందని ఎవరైనా అంటే ఒకప్పుడు మావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఇక్కడ పండేవి రెండే, ఒకటి గాలి, రెండోది సమ్మె అనేవారు. అందులో గాలి మాట మరీ నిజం. పొద్దున బిందెలో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి, మధ్యాహ్నం ఎండకి చెవులు పొట్టు లేస్తాయి, సాయంత్రం గాలి లేచిందంటే ఆరేసిన బట్టలు పక్క వీధిలో వెతుక్కోవాలి. ఇలాంటి చోట పుట్టిన మనిషికి బంగాళదుంపే అన్నం, మంచులో ఎండబెట్టిన నల్లదుంపే పచ్చడి. పాలకూర తినమంటే "మేమేమన్నా కుందేళ్ళమా?" అని ఎదురు తిరిగేవాళ్ళు.

అదే ఊళ్ళో ఇవాళ వీధికి నాలుగైదు ఎండగుడారాలు కనిపిస్తాయి. నాలుగు వైపులా పచ్చి ఇటుకల గోడ, పైన ఏటవాలుగా పసుప్పచ్చ ప్లాస్టిక్ కప్పు. వంగి లోపల అడుగు పెడితే చాలు, బయట చలికి బిగుసుకున్న వేళ్ళు తెరుచుకుంటాయి. లెట్యూస్, పాలకూర, ముల్లంగి, ఉల్లికాడలు, ఓపిక ఉన్నవాళ్ళకి టమాటాలు కూడా. శనివారం శనివారం ఆ కూరంతా కేబుల్ కారెక్కి కింద లోయలోని లా పాస్‌కి దిగుతుంది. మందు కొట్టని కూర కోసం హోటళ్ళ వంటవాళ్ళు, డాక్టర్లు, పిల్లల తల్లులు పొద్దున్నే సంతలో నిలబడతారు. పత్రికలవాళ్ళు వచ్చి ఫోటోలు తీస్తారు. ప్రతి ఫోటోలోనూ కుచ్చుల పావడాలు కట్టి, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నవ్వుతుంటారు. అంచున, సగం భుజం తెగిపోయి, గౌను వేసుకున్న మనిషి ఒకామె ఉంటుంది. ఆమె పేరు ఎదెల్మీరా.

ఎదెల్మీరాది ఈ ఊరు కాదు. తగరం గనుల క్యాంపులో పుట్టింది, అక్కడే గని కార్మికుడు సతుర్నీనోని కట్టుకుంది. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ నడక రాకముందే పోయారు. గనులు మూసేసినప్పుడు వేల కుటుంబాలు లారీలెక్కి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వీళ్ళ లారీ ఎల్ ఆల్తోలో ఆగింది. సతుర్నీనో ఊపిరితిత్తుల్లో అప్పటికే గని దుమ్ము కూర్చుని ఉంది. ఇక్కడ రెండు గదులు కట్టాడు, ప్రహరీ లేపాడు, తర్వాత మంచానికి అంటుకుపోయాడు. చివరి ఏడాదంతా ఆ ఇంట్లో వినిపించింది అతని దగ్గే. అతను పోయాక ఆ దగ్గు కూడా లేదు. ఎదెల్మీరా కొన్నాళ్ళు రేడియోని కట్టేయకుండా ఉంచేది, అది పాడైపోయాక బాగు చేయించలేదు.

ఇరుగుపొరుగంతా దూరాన ఉన్న పెద్ద సరస్సు వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళలో వాళ్ళు ఆయ్మారా మాట్లాడుకుంటారు. ఎదెల్మీరాది కెచువా. బజారులో పని అందరికీ స్పానిష్‌తో జరిగిపోతుంది కానీ పక్కింటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే నాలుగు ముక్కలకి స్పానిష్ పనికిరాదు. వీధిలో ఆడవాళ్ళు ఒకరినొకరు "అక్కా", "ఒసే", "పిల్లా" అనుకునేవాళ్ళు. ఆమెని మాత్రం "దోన్యా" అనేవాళ్ళు. మర్యాదే. మర్యాదంత దూరం ఇంకోటి లేదు.

అప్పుడొచ్చారు ఎండగుడారాలవాళ్ళు. ఏదో సంస్థ తరఫున ఇద్దరమ్మాయిలు, ఒక మీసాల ఇంజినీరు. ఇటుకలు మీరు పోసుకోండి, కలపా ప్లాస్టిక్కూ మేమిస్తాం అన్నారు. మగవాళ్ళు నవ్వి పక్కకి తప్పుకున్నారు. పన్నెండు మంది ఆడవాళ్ళు పేర్లిచ్చారు. పదకొండు మంది కూరల కోసం ఇచ్చారు. ఎదెల్మీరా ఇంట్లో ప్రాణమున్నదేదైనా ఒకటి ఉండాలని ఇచ్చింది. పనిమంతురాలు కాబట్టి అందరికన్నా ముందు ఆమె గోడలే లేచాయి. అందుకని మొదటి కప్పు ఆమెదే అయింది.

కప్పు వేయడం ఒక్కరి పని కాదు. ఎండ కాస్త ఎక్కి ప్లాస్టిక్ మెత్తబడాలి, గాలి ఇంకా లేవకూడదు, ఆ మధ్యలో దొరికే కాసేపట్లో అంతా అయిపోవాలి. అటు నలుగురు, ఇటు నలుగురు అంచులు పట్టి ఒక్కసారి లాగాలి. మిగిలినవాళ్ళు రీపరు కర్రల మీద పాత టైరు ముక్కలు పెట్టి మేకులు కొట్టాలి. ఒక్క మూల వదులైతే మొదటి గాలికే మొత్తం చిరుగుతుంది. ఆ రోజు పదకొండు మందీ వచ్చారు. కేకలు, తిట్లు, నవ్వులు. ఆమె వాకిట్లో అంత సందడి సతుర్నీనో శవం లేచిన రోజున కూడా లేదు.

పనయ్యాక నేల మీద దుప్పటి పరిచి, తలా ఒకటి తెచ్చిన తిండి దాని మీద కుప్ప పోశారు. ఎదెల్మీరా సూపు వడ్డించింది. ఎవరో ఆయ్మారాలో ఏదో అన్నారు, అందరూ విరగబడి నవ్వారు. ఇంకొకామె అందుకుంది, మళ్ళీ నవ్వారు. ఎదెల్మీరా గరిటె పట్టుకుని నిలబడే ఉంది. తన గౌను చూసి నవ్వుతున్నారో, సూపు చూసి నవ్వుతున్నారో తెలియలేదు. కూర్చోమని ఎవరో చెయ్యి పట్టి లాగితే, పొయ్యి మీద నీళ్ళున్నాయని వంక పెట్టి లోపలికి పోయింది.

మావాళ్ళకి ఇలాంటి పనుల్లో ఒక కట్టుబాటుంది. దాన్ని ఐని అంటారు. ఇవాళ నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. తర్వాతి కప్పు బసీలియాది. బసీలియా అంటే వీధిలో అందరికీ హడలు. నడుం వెడల్పు, నోరు అంతకన్నా వెడల్పు. ఆమె స్వయంగా గుమ్మం దాకా వచ్చి "దోన్యా, మంగళవారం మా ఇంటికి రావాలి" అని పిలిచి వెళ్ళింది.

ఎదెల్మీరాకి పనంటే భయం లేదు. పని తర్వాత పరిచే దుప్పటంటే భయం. మళ్ళీ ఆ మధ్యలో కూర్చోవాలి, అర్థంకాని నవ్వుల్లో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బొమ్మలా నమలాలి. ఆలోచించి ఆలోచించి ఆమెకో ఉపాయం తట్టింది. ఒక తాపీకూలీని మాట్లాడి, ఆ మంగళవారం తన బదులు బసీలియా ఇంటికి పంపించింది. గనిలో అది మామూలే. ఒంట్లో బాగోలేనివాడు తన షిఫ్టుకి తమ్ముణ్ణి పంపుతాడు, పని ఆగకపోతే చాలు. పైగా తాను చేసే పనికి రెండింతలు చేసే కుర్రాణ్ణి పంపానని, బాకీ కంటే ఎక్కువే తీర్చానని ఆమె మనసులో సంబరపడింది కూడా. సాయంత్రం ఆ కూలీ వచ్చి "పనైపోయింది దోన్యా. వాళ్ళేం అనలేదు" అన్నాడు.

నిజమే, ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఇంక ఎప్పుడూ ఏమీ అనలేదు. మూడో కప్పుకి ఆమెని పిలవలేదు. నాలుగో దానికీ పిలవలేదు. పొద్దున్నే గుంపుగా ఆమె గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళేవాళ్ళు, "బాగున్నారా దోన్యా" అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు. ఎదెల్మీరా కారణం వెతుక్కుంది, సులువుగా దొరికింది కూడా. మనం గనులోళ్ళం, మన భాష వేరు, మన గౌను వేరు, వీళ్ళు మనల్ని కలుపుకోరు అనుకుంది. మనసు నొచ్చుకున్నవాళ్ళకి తప్పంతా అవతలి గట్టునే కనిపిస్తుంది. ఆమెకీ అలాగే కనిపించింది, ఏళ్ళ తరబడి.

ఏళ్ళు గడిచేకొద్దీ గుడారాలు మాత్రం వర్షాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. మొదట్లో కూర ఎవరూ కొనకపోతే వీధి చివర సూపు అమ్మే ఆవిడకి ఉచితంగా ఇచ్చేవాళ్ళు. తర్వాత బళ్ళో పిల్లల భోజనానికి అడిగారు. ఆ తర్వాత లా పాస్‌లో శనివారం సంతకి చోటు దొరికింది. కూర బాగుందని ఆ నోటా ఈ నోటా పాకింది. నవ్విన మగవాళ్ళే పెళ్ళాల గుడారాలకి గొర్రె ఎరువు మోయడం మొదలుపెట్టారు. పన్నెండు మంది సంఘం పేట దాటి, పక్క పేటలు దాటి, ఎంతమందో వాళ్ళకే గుర్తులేనంత అయింది. నియేవెస్ అనే ఆమె అధ్యక్షురాలయింది, పట్నంలో మీటింగుల్లో మైకు పట్టుకుని "మా ఊరి తిండి మా చేతుల్లో" అని చెప్పడం నేర్చుకుంది. పెద్ద పెద్దవాళ్ళొచ్చి ఇంతటి పని ఎలా చేశారమ్మా అని అడిగితే "చెయ్యీ చెయ్యీ కలిపి" అనేది. అబద్ధమేం కాదు. ఒక్కో కప్పు వెనక అందరి చేతులూ ఉన్నాయి. ఎదెల్మీరా చేతులు తప్ప.

సంతలో ఆమె బల్ల చిట్టచివరిది. ఆమె లెట్యూస్ తలకాయంత ఉండేది, ముందుగా అమ్ముడయ్యేది. కొనేవాళ్ళు మంచిగా మాట్లాడేవారు, "ఇంకో కట్ట వెయ్యి తల్లీ" అని కొసరేవారు, ఆమె వేసేది. మధ్యాహ్నం అందరూ బల్లల వెనక దుప్పటి పరిచి తిండి కలుపుకునేవాళ్ళు. ఆమె తన గిన్నె బస్తాల చాటున ఒళ్ళో పెట్టుకుని తినేది. ఒక్కోసారి మొక్కలతో కెచువాలో మాట్లాడేది, తన భాష తనకే వినపడి చాలా రోజులైందని. ఇంట్లో అమ్మ పిలిచినట్టుండేది, తర్వాత ఇంకా దిగులేసేది. ప్లాస్టిక్ పాతబడితే తాపీవాళ్ళని పెట్టి మార్పించుకుంది. వాళ్ళు వేసిన కప్పు ఎప్పుడూ కొంచెం వదులే. గాలి వీస్తే తపతప కొట్టుకునేది.

కిందటేడు ఆగస్టులో బసీలియా రెండో గుడారం వేసుకుంది. అప్పటికి ఆమెకి అరవై దాటాయి. ఆ పొద్దున ఎదెల్మీరా ఎరువు బండి తోసుకుంటూ ఆ దారినే వస్తోంది. గాలి వేళకాని వేళ లేచింది. ప్లాస్టిక్ సగం కట్టారు, ఒక మూల పట్టుకున్నామె చెయ్యి జారింది. పసుప్పచ్చ షీటు ఒక్కసారి పైకి లేచి, వీధి మీదికి తిరగబడింది. పిలవని పేరంటమని గుర్తొచ్చేలోపే ఎదెల్మీరా బండి వదిలేసి పరుగెత్తింది. అంచు దొరకబుచ్చుకుని, చేతికి రెండు చుట్లు చుట్టుకుని, గోడకి పాదం తన్నిపెట్టి వేలాడింది.

"వదలకు దోన్యా! వదిలావంటే నిన్నూ దాన్నీ కలిపి లా పాస్‌లో ఏరుకోవాలి!" అని పైనుంచి అరిచింది బసీలియా.

"ముందు మేకు కొట్టు, తర్వాత మాట్లాడు!" అని ఎదెల్మీరా తిరిగి అరిచింది. ఆ నోటికి ఎదురు సమాధానం చెప్పినవాళ్ళు ఆ వీధిలో అరుదు. ఎవరో కిసుక్కుమన్నారు.

కప్పు నిలబడింది. ఎదెల్మీరా అరచేయి గీసుకుపోయి రక్తం కారుతోంది. బండి తీసుకుని వెళ్ళిపోబోతుంటే బసీలియా "ఎక్కడికి? కూర్చో" అంది. కూర్చుంది. దుప్పటి మీద ఉడికిన చిక్కుడు గింజలు, నల్లదుంపలు, జున్ను, వేయించిన చిన్న చేపలు, రోట్లో నూరిన మిరపకాయ పచ్చడి. ఆయ్మారాలో ఏవేవో మాటలు. ఎదెల్మీరాకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఈసారి లేచి పోలేదు. పచ్చడి ఘాటుకి కళ్ళ నీళ్ళొచ్చాయి, అవి పచ్చడివేనని అందరూ అనుకున్నారు. ఇంటికెళ్ళే దారిలో ఆమె తనలో తాను పాడుకుంది. ఇంత చిన్నదానికి అంత సంతోషమా అని అడగకండి, పస్తున్నవాళ్ళకి గంజే పాయసం.

సెప్టెంబరులో వడగళ్ళు పడ్డాయి. కోడిగుడ్డంతవి కాదు గానీ, ఆగకుండా పడ్డాయి. తెల్లారేసరికి పేటలో సగం గుడారాలకి కప్పులు లేవు. ఎదెల్మీరాది గోడ నుంచి గోడకి నిలువునా చీలి, పేగుల్లా వేలాడుతోంది. కింద లెట్యూస్ మడులు కోతకొచ్చి ఉన్నాయి. నెలాఖరుకి పట్నమంతా కలిసి చేసే పెద్ద సంత ఉంది. ఆ ఏడు మొదటిసారి నియేవెస్ ఆమె లెట్యూస్‌ని సంఘం బల్ల మీద మధ్యలో పెడతామంది. రాత్రి మంచు ఇంకా గట్టిగానే పడుతోంది. కప్పు లేని మడి ఎక్కువ రాత్రులు బతకదు.

తాపీవాళ్ళని పిలిస్తే మధ్యాహ్నానికల్లా పనయ్యేది. ఎదెల్మీరా పిలవలేదు. బసీలియా కప్పుకి నేను పని చేశాను, నా కప్పుకి ఆమె రావాలి, వస్తుంది, ఆమె వెనక మిగతావాళ్ళూ వస్తారు అని కూర్చుంది. ఇన్నేళ్ళ తర్వాత మొట్టమొదటిసారి ఈ వీధిలో ఎవరో ఒకరు తనకి బాకీ ఉన్నారు. ఆ బాకీని డబ్బిచ్చి చెరుపుకోవడం ఆమెకి ఇష్టం లేదు. సాయంత్రాలు దుప్పట్లూ గోనెలూ తెచ్చి మడుల మీద కప్పింది, ఆఖరికి సతుర్నీనో కోటు కూడా. పొద్దున్నే పదిమందికి సరిపడా ఊదా మొక్కజొన్న జావ కాచి పొయ్యి పక్కన పెట్టుకుని వాకిట్లో నిలబడేది. ఆడవాళ్ళ గుంపు ఒకరోజు ఎదురింటి కప్పుకి వెళ్ళింది, ఒకరోజు మలుపు దగ్గర కప్పుకి వెళ్ళింది. ఎండెక్కేది, గాలి లేచేది, జావ చల్లారేది.

ఆఖరికి ఒక పొద్దున తలుపు చప్పుడైంది. ఎదెల్మీరా చేతులు గౌనుకి తుడుచుకుంటూ పరుగెత్తింది. గుమ్మంలో ఎవరో మగమనిషి, చేతిలో సుత్తి, నెత్తిన సిమెంటు మరకల టోపీ.

"నా పేరు గువాల్బెర్తో. కప్పు వేయడానికి వచ్చాను, షీటు లాగడానికి మావాళ్ళు వెనకే వస్తున్నారు. దోన్యా బసీలియా పంపింది, తన బదులు. మా కూలి ఆవిడే ఇచ్చేసింది, మీరేం ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

ఎదెల్మీరాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మం పట్టుకుంది. అతను మంచివాడే, బలంగా ఉన్నాడు, బసీలియా చేసేదానికి రెండింతలు చేస్తాడు. తప్పేం లేదు, లెక్క సరిపోయింది. కానీ చెంప మీద ఎవరో ఛెళ్ళున కొట్టినట్టుంది. నీ పని ముట్టింది, నీ మొహం నాకక్కర్లేదు అని ఇంత మర్యాదగా ఇంకెలా చెప్తారు? అప్పుడు ఆమెకి ఆ పాత మంగళవారం గుర్తొచ్చింది. తానేం చేసిందో తొమ్మిదేళ్ళకి తెలిసింది. గనులూ కాదు, గౌనూ కాదు, భాషా కాదు. సిగ్గుతో ఆమె చెవులు మండిపోయాయి.

అతన్ని లోపలికి పిలిచి జావ పోసింది, రొట్టె పెట్టింది. తిన్నాక "మీవాళ్ళని తీసుకుని వెళ్ళు నాయనా" అంది.

"కప్పో?"

"దాన్నలా ఉండనీ. రాగలిగితే తననే రమ్మని చెప్పు. రాలేకపోతే ఎవర్నీ పంపొద్దను."

"మంచు పడుతుంది దోన్యా. మొక్కలు మాడిపోతాయి."

"పోనీ."

ఆ రాత్రి మంచు మామూలుగా పడలేదు. తెల్లారి దుప్పట్లెత్తి చూస్తే అంచు మడులు తప్ప అన్నీ నల్లబడి, ఉడకబెట్టినట్టు నేలకి అతుక్కుపోయాయి. ఎదెల్మీరా వాటి మధ్య తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఏమ్మా అని అడిగేవాళ్ళుండాలి, ఎవరూ లేని ఇంట్లో ఏడుపు కూడా ఎంతోసేపు సాగదు. ఇంక ఇంతే, ఇల్లు అమ్మేసి వెళ్ళిపోదాం అనుకుంది. ఎక్కడికో తోచలేదు.

పొద్దెక్కాక గేటు దడాలుమంది. బసీలియా, కర్ర పోటేసుకుంటూ, రొప్పుతూ.

"ఎంత పొగరే నీకు! మనిషిని పంపితే తిప్పి పంపుతావా? నా మోకాళ్ళు చూడు, బూరెల్లా వాచాయి. ఎక్కమంటావా నిచ్చెన?" అని మొదలుపెట్టి, మడుల వైపు చూసి టక్కున ఆగిపోయింది. వంగి ఒక లెట్యూస్‌ని ముట్టుకుంది. అది చేతిలో నీరుకారింది. "అయ్యో పిచ్చిదానా. మొత్తం పోగొట్టుకున్నావా?"

"ఊఁ."

"వాడు వేసేవాడు కదే నిన్న."

"వేసేవాడు. నేను పంపినవాడు కూడా బాగానే వేశాడుగా, అప్పుడు."

బసీలియా మెల్లగా గోడకి ఆనుకుని ఇటుకల మీద కూర్చుంది.

"అది తెలియాలనే పంపాను. తొమ్మిదేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పి కూడా అబద్ధం కాదు" అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఎందుకు చేశావే ఆ పని? మా ఇంటికి రావడం అంత నామోషీ అయిందా?"

"నామోషీ కాదు, భయం. మీరంతా మీ భాషలో నవ్వుతుంటే నా మీదేనేమోనని."

"నీ మీదే. కొత్తదానివి నువ్వేగా, ఇంకెవరి మీద నవ్వుతాం? నీ సూపులో ఉప్పు లేదని నవ్వాం. ఇంత పని తెలిసిన మనిషికి ఉప్పు తెలియదేమిటని నవ్వాం. ఈ పాటిదానికి తొమ్మిదేళ్ళు తలుపేసుకుంటారా?"

 తొమ్మిదేళ్ళు. ఒక చిటికెడు ఉప్పు. కోపం రావాలో నవ్వు రావాలో తెలియక ఎదెల్మీరా నల్లబడిన ఆకుని వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది.

"వడగళ్ళు పడ్డప్పటి నుంచి మీ కోసమే చూస్తున్నాను. ఎవరూ రాలేదు" అంది చివరికి.

"పిలిచావా?"

"నీకు తెలియదా నా కప్పు చిరిగిందని? వీధంతా చూసింది."

"చూస్తే? అడగనిదే అమ్మయినా పెట్టదు. ఆకాశం చిల్లుపడ్డా సరే, గడప తొక్కి అడగాలి. ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి, ఒక్క గుమ్మం ముందు నిలబడి, నాకు మీ అవసరముంది అన్నావా? కూలివాడితో కబురు పంపడం కూడా ఒక పిలుపేనా?"

"పిలిస్తే వచ్చేదానివా?"

బసీలియా నిజాయితీగా ఆలోచించింది. "రాకపోయేదాన్ని," అంది. "అయినా పిలవాలి."

 గాలి చిరిగిన ప్లాస్టిక్‌ని ఊపుతోంది. ఎదెల్మీరా బకెట్ మీద నుంచి లేచి, బసీలియా ముందుకొచ్చి నిలబడింది. ఈ మాట అనడానికి ఆమెకి రాళ్ళు మోసినంత కష్టమైంది. "రేపు నా కప్పుకి రా, అక్కా."

"నేనొక్కదాన్ని వచ్చి ఏం చేస్తాను? పక్కన నిలబడి తిడతాను. లాగడానికి జనం కావాలి." బసీలియా నడుం దగ్గర దోపుకున్న సంచీ విప్పి, గుప్పెడు కోకా ఆకులు తీసి ఒక గుడ్డలో పోసి ఇచ్చింది. "ఉత్త చేతులతో వెళ్ళకు. గుడ్డ విప్పి ముందు పెట్టు. ఆకు తీసుకున్నారంటే వస్తారు. తీసుకోలేదంటే మూతి ముడుచుకోకుండా పక్కింటికి వెళ్ళు. నేను తోడు రాను. ఇది నీ నోటితోనే అడగాలి."

మొదటి గుమ్మం నియేవెస్‌ది. నీలం తలుపు. రోజూ చూసే తలుపే, ఒక్కసారీ కొట్టని తలుపు. ఎదెల్మీరా చెయ్యెత్తింది, దించింది, కెచువాలో తనని తాను తిట్టుకుని మళ్ళీ ఎత్తింది. నియేవెస్ చేతులకి సబ్బు నురగతో వచ్చి తలుపు తీసింది. గుడ్డ చూసింది, అందులో ఆకులు చూసింది, ఎందుకొచ్చిందో చెప్పకుండానే తెలుసుకుంది. దారి మాత్రం ఇవ్వలేదు.

"రేపు పొద్దున మా కప్పుకి రావాలి. నాకు మీ అవసరముంది" అంది ఎదెల్మీరా. 

"తొమ్మిదేళ్ళకి గుర్తొచ్చామా దోన్యా?"

"రోజూ గుర్తొచ్చారు. అడగడమే చేతకాలేదు."

నియేవెస్ తడిచేతులు పావడాకి తుడుచుకుంది. వంగి గుడ్డలోంచి నాలుగు ఆకులు తీసి బుగ్గన పెట్టుకుంది.

"ఇంకా ఎన్ని గడపలున్నాయి నీకు?"

"అన్నీ," అంది ఎదెల్మీరా.